గడ్డకట్టిన తల్లిపాలను కరిగించే విధానం

కామారెడ్డి జిల్లా బాన్సువాడలోని ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రికి, తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా 2022లో బి.పి.ఎన్.ఐ. అనే జాతీయ సంస్థ గుర్తింపు లభించింది. బిడ్డ పుట్టిన గంటలోపలే రొమ్ము అందించడం, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం పట్టకపోవడం, వైద్యుడు అవసరమని చెప్పితే తప్ప డబ్బాపాలను దగ్గరకు రానీయకపోవడం ఇటువంటి ఆసుపత్రులు పాటించే ముఖ్య నియమాలు. తల్లి రొమ్మునుండి నేరుగా బిడ్డ నోటికి చేరే పాలకు కాచడం, చల్లార్చడం, నిలువచేయడం అనే బాధలు ఏవీ లేవు. పాలు తగిన వేడిలోనే ఉంటాయి. బయటి గాలి సోకదు. గిన్నె కడిగే పని లేదు.

అయితే అన్నివేళలా తల్లి బిడ్డ ప్రక్కన ఉండగలదా? నెలలు నిండక పుట్టిన శిశువుకు చీకే శక్తి ఉండదు. ఆ శిశువు నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో ఉంటే, తల్లి పాలు పిండి గిన్నెలో ఇవ్వవలసి వస్తుంది. 2017లో వచ్చిన చట్ట సవరణవల్ల పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. సెలవు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయిని బడికి, నర్సు ఆసుపత్రికి పోక తప్పదు. నిజాంసాగరు ఆయకట్టులో నాట్లు వేసే కూలితల్లికి ఆ సెలవూ లేదు, ఆమె ఇంట పాలు గడ్డకట్టించే పరికరమూ అరుదే. ఆ సంగతిని ఈ వ్యాసం తీర్చలేదు. రెఫ్రిజిరేటరు ఉన్న ఇండ్లలో మాత్రం పాలు పిండి, ఫ్రీజరులో గడ్డకట్టించి, పగటిపూట అమ్మమ్మచేతనో నాయనమ్మచేతనో పట్టించే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

గడ్డకట్టించడంలో పెద్ద చిక్కు లేదు. ఆ పని ఫ్రీజరే చేసిపెడుతుంది. కరిగించడం మాత్రం మనిషి చేతిలో ఉన్నది. తల్లి ఎంతో శ్రమపడి పిండిన పాలు పాడయ్యేది ఎక్కువగా ఈ చివరి అరగంటలోనే. ఏడుస్తున్న బిడ్డ చంకలో ఉండగా, రాయివలె గట్టిపడిన పాలగడ్డ చేతిలో ఉండగా, ఎవరికైనా తోచేది పొయ్యి వెలిగించడమే. అది ఎందుకు కూడదో, మరి ఏమి చేయవలెనో తెలుసుకోవడానికి ఉన్నత పాఠశాలలో చెప్పే ఉష్ణశాస్త్రం దాదాపు సరిపోతుంది.

కరిగేందుకు ఎంత వేడి కావలె?

ఒక పూటకు 60 గ్రాముల పాలు అనుకొందాం. పాలలో అధికభాగం నీరే గనుక, లెక్క సులభంగా ఉండేందుకు అంతా నీరే అని భావిద్దాం. ఫ్రీజరులో పాలు సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉన్నవి. మంచు విశిష్టోష్ణం నీటిదానిలో సగం మాత్రమే. కాబట్టి ఆ గడ్డను సున్న డిగ్రీలకు తెచ్చేందుకు 540 కాలరీలు చాలు. ఆ తరువాత గడ్డ కరగవలె. గ్రాము మంచు కరిగి గ్రాము నీరు కావడానికి 80 కాలరీలు పట్టును; ఇదే ద్రవీభవన గుప్తోష్ణం. 60 గ్రాములకు 4,800 కాలరీలు. ఇంత వేడి లోనికి పోయినా ఉష్ణమాపకం సున్నను దాటదు. చివరకు కరిగిన పాలను సున్ననుండి శరీరపు వేడియైన 37 డిగ్రీలకు తెచ్చేందుకు మరి 2,220 కాలరీలు కావలె.

అనగా పాలను వెచ్చజేయడానికి పట్టే వేడికన్న, కేవలం కరిగించడానికి పట్టే వేడి రెట్టింపును మించి ఉన్నది. గుప్తోష్ణాన్ని గురించి తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరని విద్యార్థికి ఈ పాలగిన్నె మంచి సాక్ష్యం. ఎంతసేపు పట్టుకొన్నా గడ్డ కరగడం లేదేమని విసుగు చెందే నాయనమ్మ అనుభవిస్తున్నది ఈ 4,800 కాలరీలనే.

ఇక గోరువెచ్చని నీటి సంగతి చూద్దాం. 40 డిగ్రీల వేడిగల అర లీటరు నీటిలో ఈ పాలగిన్నెను ఉంచితే ఏమవుతుంది? నీరు కోల్పోయిన వేడి, పాలు గ్రహించిన వేడి సమానం. గిన్నెనూ గాలినీ విడిచిపెట్టి లెక్కిస్తే రెండూ కలిసి 26 డిగ్రీల వద్ద నిలుస్తాయి. పాలు కరిగినవేగాని వెచ్చబడలేదు. అదే నీరు లీటరు తీసుకొంటే 33 డిగ్రీలకు వస్తుంది. అయితే ఆ లీటరునే రెండు సగాలు చేసి, మొదటి అర లీటరులో గడ్డ కరిగి 26 డిగ్రీలకు వచ్చిన పిమ్మట ఆ నీరు పారబోసి, 40 డిగ్రీల రెండవ అర లీటరు పోసి చూడండి. పాలు 38 డిగ్రీలను దాటుతాయి! నీరు అంతే, వేడి అంతే. ఫలితం మాత్రం వేరు. ఒకే బకెట్టు నీటిలో బట్టలు జాడించడంకన్న, ఆ నీటినే రెండు మూడు దఫాలుగా వాడితే సబ్బు బాగా వదులుతుందని మన ఇండ్లలో తెలియనివారు లేరు. ఇక్కడ జరిగేది కూడా అదే. చల్లబడిన నీటిని మార్చడమే రహస్యం. నీటిని సలసల కాచడం కాదు.

రాత్రి పడుకోబోయే ముందు పాలగిన్నెను ఫ్రీజరునుండి తీసి రెఫ్రిజిరేటరు క్రింది అరలో పెట్టితే ఇంకా మేలు. అక్కడి 4 డిగ్రీల చల్లదనంలో తెల్లవారేసరికి గడ్డ మెల్లగా కరుగుతుంది. గుప్తోష్ణపు భారమంతా రాత్రే తీరిపోయింది గనుక, పట్టించేవేళకు మిగిలింది స్వల్పం. 4 డిగ్రీల పాలగిన్నెను 40 డిగ్రీల అర లీటరు నీటిలో ఉంచితే ఒక్క దఫాకే 36 డిగ్రీలకు వస్తుంది. అసలు వెచ్చజేయకుండా పట్టినా దోషం లేదు. చాలామంది బిడ్డలు వెచ్చని పాలకే అలవాటుపడి ఉంటారు, అంతే.

పాలంటే కాచవలెనా?

మన ఇండ్లలో పాలు అనగానే కాచవలసినవే. కొత్త ఇంట అడుగుపెట్టినా మొదట పొంగించేది పాలనే. పచ్చిపాలు పసిబిడ్డకు పోస్తారా అని పెద్దలు కోపగించుకోవడంలో ఆవుపాలు, గేదెపాలకు సంబంధించినంతవరకు ఎంతో వివేకం ఉన్నది. కొట్టంలోని దుమ్ము, పేడ, పొదుగునంటిన సూక్ష్మజీవులు ఆ పాలలో చేరుతాయి. పశువుల వ్యాధులు కొన్ని వాటి ద్వారా మనుషులకు సోకుతాయి. కాచడం అక్కడ రక్ష.

సొంత తల్లి పాలు సొంత బిడ్డకు ఇచ్చేటప్పుడు ఈ న్యాయం వర్తించదు. తల్లిపాలలో ఆహారంతోపాటు కాపలా కూడా ఉన్నది. ఇమ్యునోగ్లోబ్యులిన్-ఏ అనే రక్షక పదార్థం బిడ్డ ప్రేగుల లోపలి పొరను అంటిపెట్టుకొని రోగక్రిములను నిలువరిస్తుంది. లాక్టోఫెరిన్ అనేది సూక్ష్మజీవులకు కావలసిన ఇనుమును పట్టుకొని వాటికి అందకుండా చేస్తుంది. లైసోజైము కొన్ని క్రిముల గోడలను ఛేదిస్తుంది. కొవ్వును జీర్ణం చేసే ఎంజైము ఒకటి పాలలోనే ఉండి, ఇంకా పూర్తిగా పనిచేయని బిడ్డ జీర్ణవ్యవస్థకు తోడ్పడుతుంది. ఇవన్నీ మాంసకృత్తులే. కోడిగ్రుడ్డు తెల్లసొన ఉడికితే ఏమవుతుందో, కాగిన పాలలో వీటిగతి కూడా అటువంటిదే. ఆకృతి చెడి, చేయవలసిన పనికి పనికిరావు. సి విటమిను కూడా చాలవరకు నశిస్తుంది.

గడ్డకట్టించినపుడు ఈ మాంసకృత్తులలో అధికభాగం నిలిచి ఉంటుంది. పాలలోని సజీవకణాలు మాత్రం మంచు స్ఫటికాల తాకిడికి పగిలిపోతాయి. కొంత నష్టం గడ్డకట్టడంతోనే జరిగిపోయింది గనుక, మిగిలినదానినైనా కరిగించేటప్పుడు కాపాడుకోవలె. పొయ్యిమీద పెట్టడం సరే, మరిగే నీటిలో గిన్నె ముంచడం కూడా అందుకే తగదు. 100 డిగ్రీల అర లీటరు నీటిలో మన పాలగడ్డను వేసి మరచిపోతే, పై లెక్క ప్రకారమే, పాలు 80 డిగ్రీలను సమీపిస్తాయి.

మైక్రోవేవ్ పొయ్యి వాడితే మరొక చిక్కు. ఈ పొయ్యిలోని తరంగాలు సెకనుకు 245 కోట్లసార్లు కంపిస్తూ నీటి అణువులను తిప్పివేస్తాయి. ఆ కదలికయే వేడి. ద్రవరూపంలోని నీటి అణువులు ఇట్లు తిరుగగలవు. మంచులో అవి స్ఫటికంలో బంధింపబడి ఉన్నవి గనుక తరంగాలను అంతగా గ్రహించవు. గడ్డలో ఏ మూలనో మొదట ఒక చుక్క కరిగిందనుకొందాం. అప్పటినుండి తరంగాల శక్తిలో అధికభాగం ఆ చుక్కకే పోతుంది. అది ఇంకా వేడెక్కి, ఇంకా ఎక్కువ శక్తిని లాగుకొంటుంది. ఒక అంచున పాలు కాగుతుండగా నడుమ మంచుగడ్డ అట్లే ఉంటుంది. పైనుండి చేతితో తాకితే గిన్నె చల్లగానే తోచవచ్చు. లోపలి వేడి గుటక బిడ్డ నోటినీ గొంతునూ కాల్చుతుంది. ఈ సాధనం మిగిలిన వంటకు ఎంత ఉపయోగమైనా, బిడ్డపాలకు దానిని ముట్టకపోవడమే మంచిది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

గడ్డకట్టడంవల్ల సూక్ష్మజీవులు అన్నీ చావవు. వాటిలో అనేకం నిద్రావస్థలో ఉండి, వెచ్చదనం తగలగానే మేలుకొంటాయి. అనుకూల పరిస్థితులలో కొన్ని జాతులు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఒకటి గంటలో ఎనిమిది, రెండు గంటలలో 64, నాలుగు గంటలలో 4,096 అవుతుంది. అప్పుడే పిండిన పాలలోని సజీవకణాలు, రక్షక పదార్థాలు కొన్ని గంటలు ఈ పెరుగుదలను అదుపులో ఉంచుతాయి. కరిగించిన పాలకు ఆ శక్తి తగ్గి ఉంటుంది. అందుచేతనే, తాజాపాలు 25 డిగ్రీలకు మించని గదిలో నాలుగు గంటలు నిలువ ఉంచవచ్చునని చెప్పే నిపుణులు, కరిగిన పాలకు గది ఉష్ణోగ్రత వద్ద ఒకటి రెండు గంటలే గడువు ఇస్తున్నారు.

ఈ నియమాలలోని 'గది' ఎటువంటి గదియో మనం గమనించవలె. మే నెలలో బాన్సువాడలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటుతుంది. రేకుల ఇంటిలో పరిస్థితి చెప్పనక్కరలేదు. అటువంటి వేడిలో రెండు గంటలు ఉన్నవి గదా అని గిన్నెను అరుగుమీద పెట్టి పోవడం అవివేకం. వెచ్చజేసిన వెంటనే పట్టవలె. గడ్డను గట్టుమీద ఉంచి దానంతటదే కరగనీయడం కూడా మానవలె. నడుమ భాగం ఇంకా మంచుగా ఉండగానే అంచులు గంటలకొలది వెచ్చగా ఉండి క్రిములకు ఆటపట్టవుతాయి.

రెఫ్రిజిరేటరులో కరిగిన పాలకు గడువు 24 గంటలు. ఫ్రీజరునుండి తీసిన ఘడియనుండి గాక, పాలు పూర్తిగా కరిగినప్పటినుండి ఈ 24 గంటలు లెక్కించవలె. కరిగిన పాలను మరల గడ్డకట్టించరాదు. బిడ్డ నోరు తగిలిన పాలలో లాలాజలంద్వారా నోటిలోని క్రిములు చేరుతాయి గనుక, మిగిలినవాటిని రెండు గంటలలోపల వాడవలె, లేనిచో పారబోయవలె. మన ఎండకాలంలో ఆ రెండు గంటలు కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. తల్లిపాలు పారబోయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకే మొదటినుండి 60 గ్రాముల వంతున చిన్న గిన్నెలలో గడ్డకట్టించుకొంటే వృథా తగ్గుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు పదింట ఒక వంతుకు కొంచెం తక్కువగా వ్యాకోచిస్తుంది గనుక గిన్నెను అంచువరకు నింపకూడదు. ప్రతి గిన్నెమీద తేదీ వ్రాసి, పాతది ముందుగా వాడవలె. 18 డిగ్రీల దిగువన స్థిరంగా ఉండే ఫ్రీజరులో పాలు ఆరు నెలలు బాగుంటాయి. ఒకే తలుపుగల రెఫ్రిజిరేటరులోని మంచుగదిలో అంతటి చల్లదనం నిలువదు. అక్కడ రెండు వారాలకు మించి నమ్మకూడదు.

కరెంటు పోయినపుడు ఏమి చేయవలె అన్న ప్రశ్న మన ప్రాంతంలో తప్పక వస్తుంది. తలుపు తెరవకుండా ఉంచడం మొదటి పని. కరెంటు వచ్చిన పిమ్మట చూస్తే పాలలో మంచు స్ఫటికాలు ఇంకా మిగిలి ఉన్నట్లయితే మరల గడ్డకట్టనీయవచ్చు. గుప్తోష్ణం ఇక్కడ మనకు మేలు చేస్తున్నది. మంచు మిగిలి ఉన్నంతవరకు పాలు సున్న డిగ్రీల పరిసరాలను దాటిపోలేదని దాని అర్థం. మంచు పూర్తిగా కరిగి, పాలు ఇంకా చల్లగానే ఉంటే రెఫ్రిజిరేటరులో ఉంచి మరునాటిలోగా వాడవలె. వెచ్చబడినవాటిని విడిచిపెట్టవలసిందే.

కరిగిన పాలను చూసి చాలామంది కంగారుపడతారు. పైన మీగడవంటి పొర, క్రింద పలుచని నీలి నీరు కనిపిస్తుంది. పాలు విరిగినవనుకోరాదు. గడ్డకట్టేటప్పుడు కొవ్వు బిందువుల పలుచని పొరలు చిరిగి, కొవ్వు ఒకచోట చేరుతుంది. గిన్నెను మెల్లగా గుండ్రంగా త్రిప్పితే కలిసిపోతుంది. ఒక్కొక్కసారి సబ్బు వాసన కూడా వస్తుంది. దీనికి కారణం మనం పైన చెప్పుకొన్న కొవ్వును జీర్ణించే ఎంజైమే. సున్నకు దిగువన 18 డిగ్రీల వద్ద కూడా పాలలో కొద్దిపాటి నీరు గడ్డకట్టక మిగిలి ఉంటుంది. ఆ కొద్ది తడిలోనే ఎంజైము తన పని మెల్లమెల్లగా సాగించి కొవ్వును ఆమ్లాలుగా విడగొట్టుతుంది. ఆ పాలు బిడ్డకు హాని చేయవు, కొందరు బిడ్డలు రుచి నచ్చక త్రోసివేయవచ్చు. పులిసిన వాసన వస్తే మాత్రం అది వేరే సంగతి, అవి పారబోయవలసిన పాలు.

పట్టించడానికి సీసాకన్న మన ఉగ్గుగిన్నె మేలు. దానిని శుభ్రంగా తోమి కాచడం సులభం, మూలలలో పాలు నిలిచి మురగవు. పట్టేముందు రెండు చుక్కలు మణికట్టు లోపలివైపు వేసుకొంటే, వేడిగానీ చల్లగానీ తోచకూడదు.

నెలలు నిండని బిడ్డలకు, జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న బిడ్డలకు ఈ గడువులు ఇంకా తక్కువగా ఉండవచ్చు. అక్కడ నర్సు చెప్పినదే ప్రమాణం. తల్లికి పాలు చాలనపుడు ఇతర తల్లుల పాలు ఇచ్చే ఏర్పాటును తల్లిపాల నిధి అంటారు. మొదటి నిధి 1909లో వియన్నాలో వెలిసింది. మన దేశంలో 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ ప్రారంభించారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' అనే నిధి ఏర్పడింది. పరాయి తల్లి పాలు గనుక ఇటువంటి నిధులలో పాలను 62.5 డిగ్రీల వద్ద అరగంట ఉంచి, వెంటనే చల్లార్చి, పరీక్షించి గడ్డకట్టిస్తారు. క్రిములను చంపడానికి చాలినంత, రక్షక పదార్థాలలో కొంతైనా మిగిలేటంత అని ఆ ఉష్ణోగ్రతను ఎన్నుకొన్నారు. ఇరుగుపొరుగు తల్లుల పాలను ఈ పరీక్షలు లేకుండా ఇంట్లో గడ్డకట్టించి పంచుకోవడం మంచిది కాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం ఒకటి చెప్పి ముగిస్తాను. ఒక స్టీలు గ్లాసులో నీలిసిరా కలిపిన నీటిని రాత్రి ఫ్రీజరులో ఉంచండి. మరునాడు గడ్డను పరిశీలిస్తే అంచులు తేటగా, నడుమ ముదురు నీలంగా ఉంటుంది. నీరు స్ఫటికమయ్యేటప్పుడు తనలో కరిగిన పదార్థాలను పక్కకు నెట్టివేయడమే ఇందుకు కారణం. ఇప్పుడు ఆ గడ్డను కరగనిచ్చి, మొదట వచ్చిన నీటిని, చివర వచ్చిన నీటిని వేరువేరు పరీక్షనాళికలలో పట్టి రంగులు పోల్చమనండి. సగం కరిగిన పాలను వంచి బిడ్డకు పట్టి, మిగిలిన గడ్డను మరొక పూటకు దాచితే రెండు పూటల ఆహారం ఒకే తీరున ఎందుకు ఉండదో, గిన్నెడు పాలు మొత్తం కరిగించి కలిపిన తరువాతనే ఎందుకు పంచవలెనో విద్యార్థులు ఆ రెండు నాళికలను చూసి తామే చెప్పగలరు.